మూటలు చెప్పని ఇల్లు

ఆంజినమ్మ ఇంట్లో ఎవరూ నోటితో అనకూడని మాట ఒకటుంది. అది బూతు కాదు, తిట్టూ కాదు. తిట్లకు ఆ ఇంట్లో కొదవ లేదు. పొద్దున లేవగానే కోళ్ళతో మొదలై మొగుడి దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుని, మళ్ళీ కోళ్ళ దగ్గరికే పోతాయి. అనకూడని మాట ఏమిటంటే, "ఈ ఏడు మాకు ఇన్ని మూటలు అవుతాయి" అనడం. చేలో వేరుశనగ మోకాలెత్తు పచ్చగా నిలబడ్డా సరే, దారిన పోయేవాళ్ళు "ఎన్ని మూటలు కావొచ్చు?" అని అడిగితే, "చూడల్ల" అనాలి. అంతే. కల్లంలో కొలిచేటప్పుడు కూడా మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు... ఇలా. కొలతలో లాభం అనడం ఆ చుట్టుపక్కల అందరూ చేసేదే. ముందుగా లెక్క చెప్పకూడదన్న కట్టు మాత్రం ఆంజినమ్మ పెట్టింది.

ఎందుకు పెట్టిందో తెలియాలంటే ముప్పై రెండేళ్ళు వెనక్కి పోవాలి. కొడుకు బాలప్ప కడుపులో ఉన్న ఏడాది వానలు బాగా పడ్డాయి. చేను చూసి ఈరప్పకు ఒళ్ళు తెలియలేదు. కళ్యాణదుర్గంలో టీ అంగడి ముందర నిలబడి, నలుగురూ వింటుండగా, "ఈసారి అరవై మూటలకు ఒక్కటి తక్కువైనా మీసం తీసేస్తా" అన్నాడు. ఆ మాట అన్న మర్నాటి నుంచి మబ్బు కనబడితే ఒట్టు. కాయ కట్టడానికి నేలలోకి దిగిన ఊడ దిగినట్టే ఎండిపోయింది. చివరికి అయినవి నాలుగు మూటలు, అందులో సగం గింజలేని లొట్టకాయలే. మీసం తీయలేదు గానీ ఆరోజు నుంచి ఈరప్ప పేరు ఇంట్లో "అరవై మూటలాయన" అయిపోయింది. అన్నం పెట్టినా ఆ పేరుతోనే, కోపం వచ్చినా ఆ పేరుతోనే. ఆయనా పాపం, ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు.

అలాంటి ఇంట్లో పుట్టింది లహరి. బాలప్ప కూతురు, పదకొండేళ్ళది. మాట తక్కువ, కాలు ఎక్కువ. నడవమంటే పరిగెత్తేది, కూచోమంటే గోడెక్కేది. రెండువేల మూడు ఎండాకాలంలో రామాంజనేయులు అనే మనిషి కళ్యాణదుర్గంలో పిల్లలకు టైక్వాండో నేర్పిస్తున్నాడని బడిలో ఎవరో చెప్పారు. అది కొరియా దేశపు విద్యట. కాళ్ళతో తన్నడం, చేతులతో అడ్డుకోవడం. రామాంజనేయులు ఏడేళ్ళు బెంగళూరులో ఒక కంపెనీ గేటు దగ్గర కాపలా ఉండి, సాయంకాలాలు ఆ విద్య నేర్చుకుని, నల్ల బెల్టు కట్టుకుని సొంతూరికి వచ్చాడు.

"ఆడపిల్లకు తన్నేది నేర్పించేదేందిరా?" అని ఆంజినమ్మ కొడుకును అడిగింది.

"నువ్వు నేర్చుకోకుండానే నాయన్ను ఇన్నేండ్లు తన్నినావు గదమ్మా. పాప నేర్చుకునైనా తంతాది," అన్నాడు బాలప్ప.

దాంతో ఆంజినమ్మకు నవ్వొచ్చి, ఒప్పుకుంది. కానీ ఒంటరిగా పంపేది లేదంది. బాలప్పకు ఊరికీ కళ్యాణదుర్గానికీ మధ్య తిరిగే ఆటో ఉంది. శని, ఆదివారాల సాయంత్రం పాసింజర్ల మధ్యలో అవ్వనూ మనవరాలినీ ఇరికించి తీసుకుపోయి దింపేవాడు.

క్లాసు జరిగేది కొండప్ప గోడౌన్‌లో. కొండప్ప శెనక్కాయల వ్యాపారి. రెండేళ్ళుగా పంటలు లేక ఆ గోడౌన్ ఖాళీగా పడి ఉంటే, "ఎలకలు ఎగిరేదానికంటే పిల్లోళ్ళు ఎగిరేది మేలు" అని తాళం చెవి ఇచ్చేశాడు. పిల్లలు తన్నడానికి రామాంజనేయులు గోనెసంచుల్లో శెనక్కాయ పొట్టు కూరి దూలానికి వేలాడదీశాడు. ఒక్కో తన్నుకు ఇంత దుమ్ము లేచేది. ఇరవైమంది పిల్లలు తెల్లబట్టల్లో వచ్చి ఎర్రబట్టల్లో ఇంటికి పోయేవాళ్ళు.

ఆంజినమ్మ గడప దగ్గర కూర్చుని ఒళ్ళో చేట పెట్టుకునేది. అది విత్తనం కాయలు ఒలిచే కాలం. విత్తనాన్ని మిషన్‌కు వేయరు. గింజ పగలకుండా, పైనున్న ఎర్రపొర చెదరకుండా చేత్తోనే ఒలవాలి. పొర పోయిన గింజ మొలవదు. వేళ్ళు వాటి పని అవి చేసుకుంటుంటే, ఆమె కళ్ళు మాత్రం లోపల పిల్లల మీదే ఉండేవి.

మొదటి రోజే ఒక తమాషా జరిగింది. ఆ విద్యలో లెక్క కొరియా భాషలో పెట్టాలి. హనా, దుల్, సెత్ అని. వరుసలో ఒకరు అరుస్తుంటే మిగతావాళ్ళు తన్నాలి. లహరి వంతు వచ్చింది. పిల్ల గొంతెత్తి అరిచింది: "లాభం!"

తన్నబోయిన కాళ్ళన్నీ గాల్లోనే ఆగిపోయాయి. తర్వాత సందీప్ అనే పిల్లవాడు కింద కూర్చుని పొట్ట పట్టుకున్నాడు.

"ఎవరు నేర్పించినారు మే నీకు ఈ లెక్క?" అన్నాడు రామాంజనేయులు, నవ్వు ఆపుకుంటూ.

లహరి గడప వైపు వేలు చూపించింది. ఆంజినమ్మ చేట లోపలికి తల దించేసింది.

అలా రెండు నెలలు గడిచాయి. జూలై మొదటి వారంలో రామాంజనేయులు అందరికీ తలా ఒక నోటుబుక్కు ఇచ్చాడు. నెలాఖరు ఆదివారం అనంతపురం నుంచి పెద్ద మాస్టరు వస్తాడు, పరీక్ష పెడతాడు, తెల్ల బెల్టు నుంచి పసుపు బెల్టు ఇస్తాడు. ఆ పరీక్షకు పోవాలంటే ముందు నోటుబుక్కు మొదటి పేజీలో మూడు లక్ష్యాలు రాయాలి. ఏం సాధిస్తారు, ఎప్పటిలోగా సాధిస్తారు, తేదీతో సహా.

"రాయనోళ్ళ పేరు లిస్టులో ఉండదు. నేను బెంగళూర్లో మూడేండ్లు ఏమీ అనుకోకుండా ఊరికే గేటు తీసినా, ఊరికే గేటు మూసినా. ఒకనాడు కాగితం మీద రాసుకున్నాంకే కాలు కదిలింది. అందుకే చెప్తాండా, రాయండి," అన్నాడు.

పిల్లలు ఎగబడి రాశారు. సందీప్ "ఉగాదికి బ్లాక్ బెల్టు" అని రాశాడు. ఇంకొకడు దేశానికి మెడల్ తెస్తానన్నాడు. ఇంకొకతె ఎస్సై అవుతానంది. మాస్టరు అందరి పేజీలూ చూసి తల ఊపాడు.

లహరి ఆటోలో ఇంటికి వస్తూ అవ్వను అడిగింది. "అవ్వా, నేనేం రాయల్ల?"

ఆంజినమ్మ ఆ నోటుబుక్కు లాక్కుని మూసేసింది. "ఏమీ రాయొద్దు. బెల్టు రాకముందే బెల్టు వచ్చిందని రాస్తారా యాడన్నా? అరవై మూటలాయన్ను చూసి కూడా బుద్ధి రాకపోతే ఎట్ల? మనసులో పెట్టుకో. నోటితో అనొద్దు, చేత్తో రాయొద్దు."

లహరి అవ్వ మాట జవదాటే పిల్ల కాదు. శనివారం నాడు నోటుబుక్కు తెల్లగానే తీసుకుపోయి ఇచ్చింది. మాస్టరు పేజీ చూశాడు, పిల్లను చూశాడు.

"ఎందుకు రాయలేదు?"

లహరి మాట్లాడలేదు. ఎందుకో చెప్తే అదీ బయటికి అన్నట్టే కదా అనుకుంది.

"రేపు కూడా ఇట్లనే తెస్తే పేరు ఉండదు చూడు."

మర్నాడూ పేజీ అలాగే ఉంది. సాయంత్రం గోడ మీద లిస్టు అంటించారు. పంతొమ్మిది పేర్లున్నాయి. ఇరవయ్యోది లేదు.

ఆ పిల్ల ఏడ్చి ఉంటే ఆంజినమ్మ తట్టుకునేది. ఏడుపుకు ఆమె దగ్గర బెల్లం ఉంది, కథలున్నాయి. లహరి ఏడవలేదు. ఇంటికి వచ్చి తెల్లబట్టలు మడతపెట్టి, వాటి మీద బెల్టు చుట్ట చుట్టి పెట్టి, ట్రంకుపెట్టెలో అడుగున, చలికాలం దుప్పట్ల కింద పెట్టింది. నాలుగు రోజులు గోడ ఎక్కలేదు. పరిగెత్తలేదు. బడికి పోయింది, వచ్చింది. నడవమంటే నడిచింది, కూచోమంటే కూచుంది. ఇన్నేళ్ళుగా ఆ పిల్లను ఒకచోట కుదురుగా కూచోమని మొత్తుకున్న ఆంజినమ్మకు, అది కుదురుగా కూచుంటే చూడబుద్ధి కాలేదు.

"పాప పేరు పోయింది నీ వల్లనే," అన్నాడు ఈరప్ప, మంచం మీద నుంచి.

"నా వల్లనా? నువ్వు ఆ పొద్దు నోరు మూసుకునుంటే నాకు ఈ భయం ఎందుకు వస్తాండె?"

"నేను చెప్పినందుకే వాన పోయిందా? ఆ ఏడు జిల్లా మొత్తానికి వాన లేదు. జిల్లా అంతా టీ అంగడి కాడికి వచ్చి చెప్పినారా?"

ముప్పై రెండేళ్ళలో ఈరప్ప ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆంజినమ్మ కోళ్ళను తిట్టడానికి బయటికి పోయింది.

శుక్రవారం పొద్దున్నే ఆమె ఒక్కతే కొడుకు ఆటో ఎక్కి కళ్యాణదుర్గం పోయింది. రామాంజనేయులు గోడౌన్‌లో చీపురు పట్టుకుని నేల ఊడుస్తున్నాడు.

"ఏమవ్వా, ఈపొద్దు క్లాసు లేదే?"

"తెలుసప్పా. నీతో మాట్లాడదామని వచ్చినా. తప్పు పాపది కాదు, నాది." గడప మీద కూర్చుని అరవై మూటల కథంతా చెప్పింది. నడుమ పెళ్ళి కథ కొంత, చచ్చిపోయిన ఎద్దు కథ కొంత కలిసింది. అతను చీపురు పక్కన పెట్టి, ఎదురుగా గొంతుకూర్చుని, అడ్డు చెప్పకుండా విన్నాడు.

విన్నాక అడిగాడు. "సరే అవ్వా. ఈపొద్దు మాపటికి వాన పడిందనుకో. రేపు ఏం చేస్తావు?"

"ఏం చేస్తానా? నేల పదును ఆరకముందే విత్తల్ల. మాకుండేది ఏడెకరాలు. తెల్లారేలోపల గొర్రు కట్టల్ల. మొదటి దినం ఎగువ చేను రెండున్నర ఎకరాలు, రెండో దినం వంక పక్కది, మూడో దినానికి మిగిలింది అయిపోవల్ల. ఇరవై దినాలకు సాళ్ళ నడుమ గుంటక, దాని ఎనక కలుపు..."

"ఆగవ్వా, ఆగు. ఇవన్నీ ముందుగానే చెప్తాండావే? దిష్టి తగలదా?"

"ఇది పనప్పా! పని చెప్తే దిష్టేంది? ఎన్ని సాళ్ళు తోలేది మన చేతిలో పని, చెప్పుకోవచ్చు. ఎన్ని మూటలు అయ్యేదే మన చేతిలో..."

అక్కడ ఆంజినమ్మ నోరు ఆగిపోయింది. ఆమె నోరు దానంతటది ఆగడం చూసినవాళ్ళు తక్కువ.

రామాంజనేయులు గోడ మీద లిస్టు వైపు చూశాడు. తర్వాత తల గోక్కున్నాడు.

"అవ్వా, నేను ఇరవై బుక్కులు ఇచ్చినా. పంతొమ్మిదిమంది మూటలే రాసినారు. ఒక్కరూ సాళ్ళు రాయలేదు. చూసి బాగుందని తల ఊపింది నేనే."

"అయితే ఆ సందీపు ఉగాదికి..."

"ఆ సందీపుకు ఇంకా కాలు నడుము దాటి లేయదు. పేజీ తిప్పి అందరితో మళ్ళీ రాయిస్తా. పాపను రేపు తీసుకురా. సాళ్ళు రాయమని చెప్పు, లిస్టులో పేరు ఎక్కిస్తా."

ఆ సాయంత్రం ఆంజినమ్మే ట్రంకుపెట్టె తెరిచి, దుప్పట్ల అడుగు నుంచి తెల్లబట్టలు తీసి మనవరాలి ఒళ్ళో పెట్టింది. "మూటలు రాయొద్దన్నా గానీ సాళ్ళు రాయొద్దని యానాడన్నా అన్నానా మే?" అంది, తప్పు తనది కానట్టు.

లహరి అవ్వ ముఖం వైపు చూసి, ఒక్క ఉదుటున లేచి గోడ ఎక్కేసింది.

ఇక ఏ సాళ్ళు రాయాలన్నది తేలాలి. పరీక్షలో పంతొమ్మిది అడుగుల వరుస ఒకటి చేయాలి. దాని పేరు చొన్‌జి, అంటే ఆకాశం, భూమి అని అర్థమట. "మనకూ కావాల్సింది ఆ రెండే గదా, రెండూ మాట్లాడుకోక ఎన్నాళ్ళయిందో" అని ఆంజినమ్మ ఆ పేరు విన్ననాడే అంది. ఆ వరుసలో ఎడమకు తిరిగి, కుడికి తిరిగి, ముందుకు పోయి, వెనక్కి వచ్చి, మొదలుపెట్టిన చోటే ఆగాలి. లహరి ఎప్పుడు చేసినా ఒక మూరెడు ముందే ఆగిపోయేది. ఎందుకో మాస్టరుకూ అంతు చిక్కలేదు; ఇరవైమంది మధ్యలో ఒక్కరి పాదాలే చూస్తూ కూర్చోలేడు కదా. గడప దగ్గర రెండు నెలలు కాయలు ఒలిచిన ఆంజినమ్మ చూసింది.

"ముందరికి పోయేటప్పుడు నీ అడుగు ఎద్దు అడుగు. ఎనక్కి వచ్చేటప్పుడు కోడి అడుగు. చివర రెండడుగులు ఎనక్కి వేస్తావే, ఆడ భయపడతాండావు," అంది.

"ఎనక ఏముండాదో కనపడదు గదవ్వా."

అదే మొదటి సాలయింది. రోజూ పొద్దున బడికి పోకముందు నలభై వెనకడుగులు. రెండోది, సాయంత్రం ఒక్కో కాలితో ముప్పై తన్నులు. మూడోది, పడుకోబోయేముందు హనా నుంచి పది దాకా మూడుసార్లు, లాభం లేకుండా. పేజీ మీద బెల్టు మాట ఎక్కడా లేదు. తేదీలున్నాయి.

మొదటి రోజు పెరట్లో లహరి వెనకడుగు వేస్తుంటే, మంచం మీది ఈరప్ప లేచి వచ్చాడు. తలగుడ్డ విప్పి నేల మీద అడ్డంగా పరిచాడు. ఒక పెద్ద అడుగంత దూరంలో.

"మడమ దీనికి తగలల్ల. ఎనక చూడొద్దు. ఎనక నేనుండా."

నిజంగానే వెనక నిలబడ్డాడు, రెండు చేతులూ చాచి. నలభై అడుగులూ నిలబడ్డాడు. మర్నాడూ అంతే. ఆయన మోకాళ్ళు నొప్పులని మూడేళ్ళుగా చేను గట్టు కూడా ఎక్కడం లేదు. ఆంజినమ్మ వంటింటి వాకిట్లో నిలబడి చూసి, చెంబెడు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు "తాగు" అంది. అంతే, అరవై మూటలు అనలేదు. ఈరప్ప చెంబు అందుకుని ఆమె ముఖం వైపు అనుమానంగా చూశాడు.

పరీక్ష దాకా తొమ్మిది రోజులు. అందులో రెండు రోజులు లహరికి జ్వరం వచ్చి అడుగులు పడలేదు. ఆ రెండు రోజుల ఎదురుగా నోటుబుక్కులో సున్నా వేసి, ఆ సున్నాను దాచకుండా మాస్టరుకు చూపించింది.

నెలాఖరు ఆదివారం గోడౌన్ ముందర పిల్లల అమ్మానాయనలందరూ చేరారు. ఈరప్పను కూడా ఆటోలో తెచ్చారు. అనంతపురం పెద్ద మాస్టరు ఓబుళేసు తెల్లమీసాల మనిషి, నవ్వని ముఖం. వరుసగా నిలబెట్టి, చూసి చూసి, "నువ్వు లెక్క పెట్టు" అని లహరికే చూపించాడు.

 పిల్ల ఛాతీ నిండా గాలి పీల్చుకుంది.

"లాభం!"

పంతొమ్మిది కాళ్ళు ఒక్కసారి పైకి లేచాయి. రెండు నెలలకు పైగా లహరిని వెక్కిరిస్తూ వాళ్ళకూ అదే అలవాటైపోయింది మరి. ఓబుళేసు చెయ్యి ఎత్తి ఆపాడు. రామాంజనేయులు ముఖం గోడౌన్ గోడలా తెల్లబోయింది.

"ఇదేం భాషప్పా?"

"కల్లంలో లెక్క సార్," అంది లహరి. 

ఓబుళేసు మీసం కొంచెం కదిలింది. "మాది పామిడి. మా నాయన కూడా అట్లే కొలుస్తాండె. ఆడికి అది, ఈడికి ఇది. మొదట్నుంచి పెట్టు."

"హనా!" అంది లహరి. ఈసారి పది దాకా తప్పు పోలేదు.

తర్వాత వరుస. నేల మీద సుద్దముక్కతో ఒక గుర్తు వేశారు. లహరి ఆ గుర్తు మీద నిలబడింది. ఎడమకు తిరిగింది. కుడికి తిరిగింది. పన్నెండు, పదమూడు... ఆంజినమ్మ పెదాలు లోపలే లెక్కపెడుతున్నాయి. పదహారు, పదిహేడు, ముందుకు రెండడుగులు, ఎద్దు అడుగులే. ఇక వెనక్కి.

ఆంజినమ్మ కళ్ళు మూసుకుంది. పక్కన ఈరప్ప, కూర్చున్న చోటే, రెండు చేతులూ కొంచెం ముందుకు చాచాడు.

కళ్ళు తెరిచి చూసేసరికి పిల్ల నిలబడి ఉంది. మడమకూ సుద్ద గుర్తుకూ మధ్య నాలుగు వేళ్ళ దూరం ఉంది. మూరెడు కాదు, నాలుగు వేళ్ళు. ఓబుళేసు వంగి చూసి, కాగితం మీద ఏదో రాసుకుని ముందుకు పోయాడు.

ఇంటికి వస్తూ ఆటోలో ఎవరూ "పాసవుతుందా" అని అడగలేదు. పక్కన కూర్చున్న పాసింజరు ఒకాయన అడిగితే అవ్వ, తాత, మనవరాలు ముగ్గురూ ఒక్కసారే "చూడల్ల" అన్నారు.

వారం తర్వాత పసుపు బెల్టు వచ్చింది. లహరి దాన్ని కట్టుకునే అన్నం తింది, కట్టుకునే కోళ్ళను తరిమింది. సందీప్‌కూ వచ్చింది, అతని కొత్త పేజీలో ఉగాది లేదు, కాలు నడుము దాటడానికి రోజూ ఎన్నిసార్లు గోడకు ఆనించి సాగదీయాలో ఉందట.

ఆ సాయంత్రం తూర్పున మబ్బు పట్టింది. పడుతుందో లేదో తెలియని మబ్బు, ఆ ఏడాది అలాంటివి ఎన్నో చూశారు. లహరి గడప దగ్గర కూర్చుని నోటుబుక్కులో కొత్త పేజీ తెరిచింది. మంచం మీద నుంచి ఈరప్ప గొంతు సవరించుకున్నాడు.

"పాపా, నాకొక పేజీ ఇస్తావా?"

"నీకెందుకు తాతా?"

"రాసుకో. పదును అయితే మొదటి దినం ఎగువ చేను. నేను గట్టు దాకా నడిచిపోయేది, దినామూ. ఎనక్కి కూడా నడిచే వచ్చేది, ఆటోలో కాదు."

లహరి నాలుక బయటపెట్టి శ్రద్ధగా రాసింది. ఆంజినమ్మ చేట పట్టుకుని వాకిట్లోకి వచ్చి, మొగుడి ఎదురుగా కూర్చుంది.

"ఎన్ని మూటలో రాయించవా?" అంది, కళ్ళు గింజల మీదే ఉంచి.

"చూడల్ల," అన్నాడు ఈరప్ప.

ఆంజినమ్మ నవ్వింది. ఒలిచిన గింజలను శేరుతో కొలిచి సంచిలో పోయడం మొదలుపెట్టింది.

"లాభం," అంది.